లోపలి ఉప్పు

నీటిలో దిగిన మనిషికి మూడు గతులున్నాయి: తేలడం, మునగడం, ఉన్నచోటనే నిలవడం. మొదటి రెండింటినీ నీరే నిర్ణయిస్తుంది. మూడోది మనిషి సాధించుకోవలసినది. పగడపు దిబ్బకు బారెడు దూరంలో, అడుగు తగలకుండా, పైకి లేచిపోకుండా, ఊపిరితో పాటు కాస్త లేచి కాస్త దిగుతూ నిలిచి ఉండే ఆ స్థితిని తటస్థ ఉత్ప్లవనం అంటారు. అంటే డైవరు దేహమూ, దానితో పాటు మోసే పరికరాలూ కలిసి తూగే బరువు, అవన్నీ పక్కకు తోసిన నీటి బరువుతో సరిసమానం కావడం. ఈ సమానతను నిలబెట్టడానికి ధరించే, చేతులు లేని జాకెట్టును డైవర్లు బీసీడీ అని పిలుస్తారు. దాన్ని ధరించి నీటిలో ఎలా నిలవాలో నేర్పే పాఠాలు ఎన్నో ఉన్నాయి. ఒడ్డుకు చేరాక దాన్ని ఎలా కడిగి, ఆరబెట్టి, దాచాలో చెప్పే పాఠం మాత్రం తరచుగా శిక్షణ చివర, అందరూ అలసి ఉన్న వేళ, నాలుగు మాటల్లో ముగిసిపోతుంది. ఆ నాలుగు మాటల్లో ఎంత భౌతికశాస్త్రం, ఎంత రసాయనశాస్త్రం, ఎంత ధర్మం ఇమిడి ఉన్నాయో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నీట మునిగిన వస్తువుపై, అది తొలగించిన నీటి బరువుకు సమానమైన బలం పైదిశగా పనిచేస్తుందని క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఆర్కిమెడిస్ చెప్పాడు. రాయి సంగతికైతే ఈ సూత్రం ఒక్కటే చాలు, ఎందుకంటే లోతు పెరిగినంత మాత్రాన రాయి పరిమాణం చెప్పుకోదగినంతగా మారదు. డైవరు విషయంలో అలా కుదరదు. చలి నుంచి ఒంటిని కాపాడే నియోప్రీన్ దుస్తుల నిండా సూక్ష్మమైన వాయుబుడగలు ఉంటాయి. సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకూ పీడనం ఒక వాతావరణ పీడనం మేరకు పెరుగుతుంది. ఉష్ణోగ్రత మారనంతవరకు పీడనం రెట్టింపైతే వాయువు పరిమాణం సగమవుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన నియమాన్ని బట్టి, ఉపరితలంపై పది లీటర్ల చోటు ఆక్రమించే గాలి పది మీటర్ల లోతున ఐదు లీటర్లకు కుదించుకుపోతుంది. అందువల్ల దిగేకొద్దీ డైవరు బరువెక్కుతారు, బరువెక్కినకొద్దీ ఇంకా దిగుతారు. పైకి వచ్చేటప్పుడు గాలి వ్యాకోచించి తేలికవుతారు, తేలికైనకొద్దీ మరింత వేగంగా పైకి వస్తారు. భౌతికశాస్త్రంలో దీన్ని అస్థిర సమతాస్థితి అంటారు: కొద్దిగా కదిలితే తిరిగి మొదటి చోటికి రాకుండా, కదిలిన దిశలోనే ఇంకా జరిగిపోయే స్థితి. అటువంటి స్థితిలో నిలవాలంటే ఎప్పటికప్పుడు కొంచెం గాలి చేరుస్తూ, కొంచెం గాలి వదులుతూ ఉండాలి. ఆ చేర్చడమూ వదలడమూ తలచిన క్షణాన, తలచినంత మేరకే జరగాలి. జాకెట్టు నిర్వహణకు సంబంధించిన ప్రతి నియమమూ ఈ ఒక్క అవసరం నుంచి పుట్టిందే.

స్కూబా చరిత్రలో ఈ జాకెట్టు ఆలస్యంగా వచ్చింది. ఝాక్ ఈవ్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అనే ఇద్దరు ఫ్రెంచివారు 1943లో ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరాన్ని రూపొందించి, సిలిండరులోని గాలిని చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానంగా అందించే ఏర్పాటు చేశాక మనిషి నీటిలో స్వేచ్ఛగా తిరగగలిగాడు; అయితే తొలితరం డైవర్లకు తేలికను సరిదిద్దుకునేందుకు నడుముకు కట్టుకున్న సీసపు దిమ్మలూ, తమ ఊపిరితిత్తులూ తప్ప మరో సాధనం లేదు. 1961లో మోరిస్ ఫెంజీ అనే మరో ఫ్రెంచి రూపకర్త మెడ చుట్టూ వేసుకునే గాలి సంచిని, దాన్ని నింపేందుకు ఒక చిన్న సీసాను జతచేసి తెచ్చాడు. 1971లో స్కూబాప్రో సంస్థ భుజాల మీదుగా, నడుము చుట్టూ గాలి వ్యాపించే జాకెట్టును మార్కెట్టులోకి తెచ్చింది. నేటి పరికరాలు ఎక్కువగా ఆ జాకెట్టు సంతతికి చెందినవి. గాలి సంచిని వీపు వెనక మాత్రమే ఉంచి, గట్టి పలకకు బిగించే మరో రకాన్ని ‘వింగ్’ అంటారు. ఈ పరికరాల కోసం ఐరోపాలో ఈఎన్ 1809 అనే ప్రత్యేక ప్రమాణమే ఉంది. రూపం ఏదైనా అవయవాలు దాదాపు ఒకటే: పాలీయురేతేన్ పూత ఉన్న నైలాను గాలి సంచి, ఎడమ భుజం మీద నుంచి దిగే ముడతల గొట్టం, దాని చివర గాలి నింపే, వదిలే మీటలున్న ఇన్‌ఫ్లేటర్, భుజం దగ్గర ఒకటి, నడుము దగ్గర మరొకటిగా దారం లాగితే గాలిని విడిచే డంప్ వాల్వులు, సంచి పగిలిపోకుండా అదనపు పీడనాన్ని తనంత తానే వదిలేసే రక్షణ కవాటం, వీటన్నిటినీ దేహానికి, సిలిండరుకు కట్టిపెట్టే పట్టీలు, బకిల్సు.

ఈ అవయవాల్లో అత్యంత సున్నితమైనది ఇన్‌ఫ్లేటర్. సిలిండరు మీది రెగ్యులేటర్ నుంచి సన్నని గొట్టం ద్వారా, చుట్టూ ఉన్న పీడనం కన్నా తొమ్మిది, పది బార్లు అధికంగా ఉన్న గాలి దాని గుమ్మం దాకా వచ్చి ఎప్పుడూ సిద్ధంగా నిలుస్తుంది. బార్ అంటే స్థూలంగా ఒక వాతావరణ పీడనం. ఆ గాలిని ఆపి ఉంచేది గోరంత స్ప్రింగూ, దాని కింద నొక్కుకుని ఉండే రబ్బరు బిళ్ళా మాత్రమే. చాలా ఇన్‌ఫ్లేటర్లలో ఉండేది కారు, మోటారు సైకిలు ట్యూబుల్లో కనిపించే ష్రేడర్ వాల్వే. 1893లో పేటెంటు పొందిన ఆ వాల్వుకు పేరిచ్చిన ఆగస్ట్ ష్రేడర్ కుటుంబ సంస్థ న్యూయార్కులో టైర్ల కాలానికి ముందే డైవింగ్ శిరస్త్రాణాలు తయారుచేసేది. ఇంత చిన్న భాగం మీద ఇంత పీడనం ఆధారపడి ఉన్నప్పుడు, అక్కడ ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువుకైనా ప్రాధాన్యం ఉంటుంది.

జాకెట్టుకు శత్రువు సముద్రమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి నీటిలో ఉన్నంతసేపు ఉప్పు కరిగిన స్థితిలోనే ఉంటుంది కనుక దానివల్ల కలిగే హాని స్వల్పం. అసలు నష్టం ఆ నీరు ఆరడం మొదలైన క్షణం నుంచి ఆరంభమవుతుంది. లీటరు సముద్రజలంలో సగటున 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నీరు ఆవిరయ్యాక అవి స్ఫటికాలుగా మారి, దారాల మధ్య, స్ప్రింగు చుట్టల్లో, కవాటపు అంచు కింద పేరుకుంటాయి. సాధారణ ఉప్పు స్ఫటికం ఘనాకారంలో, పదునైన అంచులతో ఉంటుంది. పట్టీ కదిలిన ప్రతిసారీ, సంచి మడిచిన ప్రతిసారీ ఆ అంచులు నైలాను దారాలనూ లోపలి పూతనూ గీరుతూ ఉంటాయి. అంతకన్నా సూక్ష్మమైన విషయం మరొకటుంది. శుద్ధమైన సోడియం క్లోరైడు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తప్ప నీటిని పీల్చుకుని కరగదు. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడుకు సుమారు 33 శాతం తేమే చాలు. విశాఖపట్నంలోనో అండమాన్ దీవుల్లోనో గాలిలో తేమ దాదాపు ఏడాది పొడవునా అంతకన్నా చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి, కడగకుండా దండెం మీద వేసిన జాకెట్టు పగలు ఎండకు ఆరినట్టు కనిపించి, రాత్రికి మళ్ళీ చెమ్మగిల్లుతుంది. ఇలా రోజూ ఆరుతూ, తడుస్తూ ఉన్న ఉప్పు లోహానికి చేసే హాని నికరమైనది: ఇత్తడి భాగాల మీద ఆకుపచ్చని చిలుము, ఉక్కు స్ప్రింగుల మీద తుప్పు, క్రోమియం పూత కింద పొక్కులు.

పైన ఉన్న ఉప్పు కంటికి కనిపిస్తుంది, చేతికి గరుకుగా తగులుతుంది, కనుక ఎవరో ఒకరు కడుగుతారు. లోపలి ఉప్పు సంగతి అలా కాదు. డైవరు కిందికి దిగేటప్పుడు గొట్టాన్ని పైకెత్తి, గాలి వదిలే మీట నొక్కుతారు. గాలి వెళ్ళిపోయాక కూడా మీటను క్షణకాలం నొక్కి ఉంచితే అదే దారిలో నీరు లోపలికి వస్తుంది. డంప్ వాల్వు దారం లాగినప్పుడు కూడా అంతే. నోటితో గాలి ఊదే భాగం ద్వారా మరికొంత చేరుతుంది. అంటే పరికరం సక్రమంగా పనిచేసే తీరులోనే సముద్రం లోపలికి రావడానికి దారి ఉంది. ఎంత నేర్పరి అయిన డైవరైనా దాన్ని పూర్తిగా అరికట్టలేరు. ఒక డైవు ముగిసేసరికి సంచిలో అరగ్లాసు నీరు మిగిలిందనుకుంటే, అంటే సుమారు 100 మిల్లీలీటర్లు, అది ఆరాక మూడున్నర గ్రాముల లవణం సంచిలో మిగిలిపోతుంది. అన్ని డైవుల ఉప్పూ అలాగే పోగుపడితే ఒకనాటికి జాకెట్టును కుదిపినప్పుడు లోపల గులకల చప్పుడు వినిపిస్తుంది. ఆ గులకల్లో ఒకటి కవాటపు గూటిలోకి జారితే అది పూర్తిగా మూసుకోదు.

మూసుకోని కవాటం వల్ల వచ్చే చిక్కు రెండు రకాలు. డంప్ వాల్వు కారితే సంచిలో నింపిన గాలి నిలవదు. డైవరు తెలియకుండానే బరువెక్కుతూ, మళ్ళీ మళ్ళీ గాలి నింపుతూ సిలిండరును త్వరగా ఖాళీ చేసుకుంటారు, ఉపరితలానికి వచ్చాక తేలి ఉండటం కూడా కష్టమవుతుంది. గాలి నింపే మీట ఉప్పుతోనో ఇసుకతోనో బిగుసుకుపోయి తెరుచుకునే ఉంటే వచ్చే చిక్కు ఇంతకన్నా తీవ్రమైనది: అడగకుండానే గాలి నిండుతుంది, సంచి ఉబ్బుతుంది, డైవరు పైకి దూసుకుపోతారు. ఇరవై మీటర్ల లోతున మూడు వాతావరణాల పీడనం ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి ఉపరితలానికి వచ్చేసరికి ఏ వాయువైనా మూడింతలవుతుంది. ఆ కంగారులో ఊపిరి బిగబడితే ఊపిరితిత్తుల్లోని గాలి కూడా అలాగే వ్యాకోచించి, వాయుకోశాలను చీల్చి, రక్తంలోకి బుడగలుగా ప్రవేశించవచ్చు. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించని వేగంతో పైకి రావాలనీ, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలనీ శిక్షకులు పట్టుబట్టడానికి కారణం, కణజాలంలో కరిగిన నత్రజని నెమ్మదిగా బయటపడేందుకు వ్యవధి కావాలన్నదే. తెరుచుకుని బిగిసిన మీట ఆ వ్యవధిని హరిస్తుంది. అప్పుడు చేయవలసినది గాలి తెచ్చే సన్నని గొట్టాన్ని ఇన్‌ఫ్లేటర్ నుంచి ఊడదీసి, మరో చేత్తో గాలిని వదలడం. ఆ ఊడదీసే బిగింపు కూడా ఉప్పుతో పట్టేసి ఉంటే పరిష్కారం సైతం చేజారుతుంది. వినోదం కోసం చేసిన స్కూబా డైవింగులో సంభవించిన 947 మరణాలను పరిశీలించి 2008లో వెలువడిన ఒక అధ్యయనం, ప్రమాదానికి మొదటి కారణం గుర్తించగలిగిన సంఘటనల్లో దాదాపు 15 శాతం పరికర సమస్యతో మొదలయ్యాయని తేల్చింది. వాటన్నిటికీ ఉప్పే కారణమని చెప్పడానికి వీల్లేదు. అయినా చిన్న లోపానికి నీటి అడుగున ఎంత మూల్యం ఉంటుందో ఆ లెక్క తెలియజేస్తుంది.

ఇక శుభ్రపరిచే విధానం. దాని మొదటి సూత్రం కాలానికి సంబంధించినది: ఉప్పు స్ఫటికంగా మారకముందే, అంటే జాకెట్టు తడిగా ఉండగానే మంచినీటిలో పెట్టాలి. ఒకసారి ఎండిన ఉప్పును కరిగించడానికి పట్టే శ్రమ, తడి ఉప్పును తొలగించడానికి పట్టే శ్రమకు ఎన్నో రెట్లు. గోరువెచ్చని నీరు మేలని తయారీదారులు సూచిస్తారు. వేడి పెంచితే ఎక్కువ ఉప్పు కరుగుతుందన్న భావన పూర్తిగా సరికాదు. 100 మిల్లీలీటర్ల నీటిలో 20 డిగ్రీల వద్ద సుమారు 36 గ్రాములు కరిగే సాధారణ ఉప్పు, మరిగే నీటిలో కూడా సుమారు 39 గ్రాములే కరుగుతుంది. వెచ్చదనం పెంచేది కరిగే వేగాన్ని. అది సందుల్లోకి నీటిని త్వరగా చేరుస్తుంది కాబట్టి గోరువెచ్చదనం చాలు, అంతకు మించిన వేడి అతుకులకూ పూతకూ చేటు. జాకెట్టును నీటిలో కొంతసేపు నానబెట్టి, తర్వాత ప్రతి మీటనూ పలుమార్లు నొక్కుతూ, ప్రతి దారాన్నీ లాగుతూ, బకిల్సును పెట్టి తీస్తూ, జిప్పులను అటూ ఇటూ నడుపుతూ జాడించాలి. కదలని భాగం కింద నీరు కూడా కదలదు.

లోపలి భాగం కడగడం వేరే పని. ఇన్‌ఫ్లేటర్ చివరనున్న నోటి భాగాన్ని కుళాయి కింద పట్టుకుని, గాలి వదిలే మీటను నొక్కి ఉంచి, సంచిలో పావు వంతో మూడో వంతో మంచినీరు నింపాలి. ఆపైన గాలి కూడా నింపి, జాకెట్టును తలకిందులుగా, పక్కలకు, వెనక్కీ ముందుకీ తిప్పుతూ నీరు ప్రతి మూలకూ చేరేలా కుదపాలి. తర్వాత కొంత నీటిని అడుగు డంప్ వాల్వు ద్వారా, కొంత భుజం వాల్వు ద్వారా, కొంత గొట్టం ద్వారా బయటికి పంపాలి. మూడు దారులూ వాడమనడానికి కారణం ఉంది: ప్రతి కవాటపు గూడూ శుభ్రపడాలంటే మంచినీరు ఆ గూటి గుండానే పోవాలి. బయటికి వచ్చే నీరు ఉప్పగా ఉన్నంతవరకు ఇది మళ్ళీ చేయవలసినదే. ఈతకొలనులో వాడిన జాకెట్టుకు కూడా ఇదే నియమం వర్తిస్తుంది. హైదరాబాదు వంటి సముద్రం లేని నగరాల్లో తొలి పాఠాలు కొలనుల్లోనే జరుగుతాయి, ఆ నీటిలో ఉప్పు లేకపోయినా క్లోరిన్ ఉంటుంది, అది అద్దకాన్ని వెలిసిపోయేలా చేసి, దారాన్నీ రబ్బరునూ క్రమంగా బలహీనపరుస్తుంది.

ఆరబెట్టడంలో రెండు జాగ్రత్తలు. మొదటిది నీడ: ఎండలోని అతినీలలోహిత కిరణాలు నైలాను అణువుల గొలుసులను తెంపుతాయి, కనుక మండుటెండలో త్వరగా ఆరిన జాకెట్టు త్వరగా ముసలిదవుతుంది. రెండోది లోపల గాలి: సంచిని సగం దాకా ఊది, వెడల్పైన హ్యాంగరుకు తగిలించి, గొట్టం అన్నిటికన్నా కిందికి వేలాడేలా ఉంచితే మిగిలిన నీరు దానిలోకి దిగుతుంది, కొన్ని గంటల తర్వాత మీట నొక్కి ఆ నీటిని వదిలేయాలి. పూర్తిగా గాలి తీసి మడిచిన సంచిలో పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి. వెచ్చని తేమలో పాలీయురేతేన్ నీటితో చర్య పొంది నెమ్మదిగా విచ్ఛిన్నమవుతుంది, దీన్ని జలవిశ్లేషణ అంటారు, దాని ఫలితంగా పూత జిగురుగా మారి పొరలు పొరలుగా ఊడుతుంది. అందుకే నిల్వ ఉంచే చోటు పొడిగా, చల్లగా, పెట్రోలు ఆవిర్లకు దూరంగా ఉండాలనీ, సంచిలో కొద్దిగా గాలి ఎప్పుడూ ఉండాలనీ నియమం.

కడగడానికి ఉండే ఒక గొప్ప గుణం ఏమిటంటే, అది పరీక్షించడానికి అవకాశమిస్తుంది. చేతులు ప్రతి పట్టీ మీద, ప్రతి కుట్టు మీద నడుస్తాయి. తెగబోయే దారం, పగులు పట్టిన గొట్టపు ముడత, వదులైన వాల్వు మూత, పట్టు తప్పిన వెల్క్రో అప్పుడే తెలుస్తాయి. ఆరాక రక్షణ కవాటం తెరుచుకునేంతవరకు గాలి నింపి, రాత్రంతా అలాగే వదిలేస్తే, తెల్లవారేసరికి సంచి మెత్తబడిందా లేదా అన్నది దాని ఆరోగ్యాన్ని చెబుతుంది; మెత్తబడితే సబ్బునీరు పూసో, నీటిలో ముంచో బుడగలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకవచ్చు. రెండు గట్టి భాగాల మధ్య నలిగి గాలిని ఆపే గుండ్రని రబ్బరు వలయాన్ని ఓ-రింగ్ అంటారు. నీల్స్ క్రిస్టెన్‌సెన్ అనే డేనిష్ మూలాల యంత్రజ్ఞుడు 1939లో అమెరికాలో పేటెంటు పొందిన ఈ వలయానికి పగులు గానీ చదును గానీ కనిపిస్తే మార్చడం తప్ప మరో వైద్యం లేదు. దానికి రాసేది సిలికాన్ గ్రీజు మాత్రమే, అదీ పలుచగా. పెట్రోలియం జెల్లీ వంటివి కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి, ఎక్కువ గ్రీజు ఇసుకను పట్టి ఉంచుతుంది. ఇన్‌ఫ్లేటరును విప్పడం, స్ప్రింగులు మార్చడం, చిలుము పట్టిన లోహభాగాలను పలుచని వెనిగరులో శుద్ధిచేయడం శిక్షణ పొందిన మెకానిక్కు పని. ఏడాదికొకసారైనా ఆ చేతికి అప్పగించాలని తయారీదారులు చెబుతారు. సొంతంగా చేయదగినది ఎంతో, ఇతరులకు వదలవలసినది ఎంతో తెలిసి ఉండటం కూడా నిర్వహణలో భాగమే.

ఇంతవరకు చెప్పినదంతా సొంత జాకెట్టు ఉన్నవారికి సులభంగానే ఎక్కుతుంది, ఎందుకంటే అక్కడ శ్రమా ఫలితమూ ఒకరివే. కానీ రుషికొండ తీరంలోనో, తెలుగువారు గణనీయంగా స్థిరపడిన అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనో తొలిసారి సముద్రంలోకి దిగేవారిలో అత్యధికులు అద్దె జాకెట్టు ధరిస్తారు. ఆ జాకెట్టును నిన్న మరెవరో వేసుకున్నారు, రేపు ఇంకెవరో వేసుకుంటారు. దాని లోపలి స్థితిని నీటిలోకి దిగే కొత్తవారు ఏ విధంగానూ తెలుసుకోలేరు. పైకి శుభ్రంగా, రంగు వెలిసిపోకుండా ఉన్న పరికరం లోపల బూజు పట్టి ఉండవచ్చు. చీకటి, తేమ, వెచ్చదనం, ఊదిన ఊపిరితో చేరిన సేంద్రియ పదార్థం కలిసిన ఆ సంచి సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన చోటు. అందుకే సంచిలోని గాలిని పీల్చడం మంచిది కాదని శిక్షకులు హెచ్చరిస్తారు, నోటితో ఊదిన ప్రతిసారీ ఎంతో కొంత తిరిగి నోటికి తగిలే అవకాశం ఉంది కనుక తగిన క్రిమినాశక ద్రావణంతో లోపలి భాగాన్ని అప్పుడప్పుడూ కడిగి, దాని ఆనవాళ్ళు పోయేలా మంచినీటితో జాడించాలని సూచిస్తారు. అద్దె జాకెట్టును కడిగే సహాయకుడు తనకు ముఖం తెలియని మనిషి ఊపిరిని కాపాడుతున్నాడు. ఆ సంగతి అతడికి ఎవరైనా చెప్పారా, ఆ పనికి తగిన సమయం, తగిన నీరు, తగిన వేతనం ఇస్తున్నారా అన్న ప్రశ్నలు భద్రతకు సంబంధించిన ప్రశ్నలే.

మనుషుల దగ్గరే ఈ బాధ్యత ఆగిపోదు. 2014లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో, మయామీ సమీపాన, గట్టి పగడాల కణజాలం ఊడిపోయి తెల్లని అస్థిపంజరం మాత్రమే మిగిలే ఒక వ్యాధి బయటపడింది. ఇరవైకి పైగా పగడ జాతులను పట్టిన ఆ వ్యాధి తర్వాతి సంవత్సరాల్లో కరేబియన్ సముద్రంలోని అనేక దీవులకు పాకింది. దాని కారకం ఏదో శాస్త్రజ్ఞులు కచ్చితంగా తేల్చలేదు గానీ, అది నీటి ద్వారా వ్యాపించగలదని ప్రయోగాల్లో కనిపించింది. ఒక దిబ్బ దగ్గర సంచిలోకి చేరిన నీరు మరో దిబ్బ దగ్గర గాలి వదిలినప్పుడు బయటికి వస్తుంది కాబట్టి, వ్యాధి ఉన్న చోటి నుంచి లేని చోటికి వెళ్ళే ముందు జాకెట్టు లోపలి నీటిని పూర్తిగా వంపేసి, క్రిమినాశకంతో కడగాలని ఫ్లోరిడాలో సముద్ర సంరక్షణ అధికారులు డైవర్లకు సూచించారు. లోపలి శుభ్రత పరికరపు ఆయుష్షుకు మించిన అర్థాన్ని సంతరించుకున్నది ఇక్కడే: అరగ్లాసు నీటిలో ఒక సముద్రపు రోగాన్ని ఇంకో సముద్రానికి మోయగల శక్తి ఉండవచ్చు. పగడాలను చూడటానికే వచ్చిన మనిషి, పగడాలకు హాని మోసుకుపోకుండా ఉండాలంటే తన సంచిలో ఏముందో తెలుసుకుని తీరాలి.

ఈ కర్తవ్యానికి అడ్డు నిలిచే ఒక నిజమైన ఇబ్బందిని కూడా గుర్తించాలి. ఉప్పును కడగడానికి కావలసినది మంచినీరు. డైవింగుకు పేరుపొందిన దీవుల్లో అన్నిటికన్నా కరువైనది కూడా అదే. లక్షద్వీప్‌లో తాగునీటికి ఆధారం, పగడపు ఇసుక కింద ఉప్పునీటి మీద తేలుతూ ఉండే పలుచని వాననీటి పొర. అది చాలకే జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో కవరత్తిలో రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యంతో, సముద్రపు పై నీటికీ లోతు నీటికీ ఉన్న ఉష్ణోగ్రతా భేదాన్ని ఉపయోగించి మంచినీరు తయారుచేసే కేంద్రాన్ని నెలకొల్పింది. అటువంటి చోట జాకెట్టు మీద పోసే ప్రతి బిందెడు నీటికీ లెక్క ఉంటుంది. అలాగని ఒకే తొట్టిలో రోజంతా అందరి జాకెట్లూ ముంచితే సాయంత్రానికి ఆ నీరే ఉప్పెక్కి, కడిగిన ఫలం దక్కదు. దీనికి వివేకవంతమైన మార్గం నీటిని వరుసగా వాడటం: మొదటి తొట్టిలో ఎక్కువ ఉప్పును వదిలించి, రెండో తొట్టిలో జాడించి, చివరగా కొద్దిపాటి తాజా నీటిని సంచి లోపలికి మాత్రమే వాడి, రెండో తొట్టి నీటిని మర్నాడు మొదటి తొట్టికి మళ్ళించడం. లోపలి భాగానికి కావలసినది నాలుగైదు లీటర్లే. బయట ధారాళంగా పోసి లోపల మరచిపోయే అలవాటుతో పోలిస్తే ఈ పద్ధతిలో ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ.

భారతీయ చింతనలో శౌచాన్ని బాహ్యమనీ ఆంతరమనీ రెండుగా విభజించి చూసే సంప్రదాయం ప్రాచీనమైనది. బాహ్యశౌచానికి సాక్షులుంటారు, ఆంతరశౌచానికి చేసేవారే సాక్షి. ఈ జాకెట్టు విషయంలో ఆ విభజన అక్షరాలా వర్తిస్తుంది. బయటి ఉప్పు కడిగినది ఎవరైనా చూసి మెచ్చుకోగలరు. లోపలి ఉప్పు కడిగారో లేదో చెప్పగలిగినది కడిగినవారొక్కరే, దాని ఫలితం తెలిసేది ఎన్నో నెలల తర్వాత, ఎక్కడో, వేరొకరికి. నిర్వహణ అనే పని పట్ల సమాజానికున్న చిన్నచూపుకు మూలం ఇందులోనే ఉంది. కొత్తగా కట్టినది కనిపిస్తుంది, చెడకుండా కాపాడినది కనిపించదు. జరగని ప్రమాదానికి ఆనవాలు ఉండదు, కనుక దాన్ని జరగకుండా ఆపినవారికి గుర్తింపూ ఉండదు. అయినా సముద్రం కింద ఒక మనిషి బరువెక్కకుండా, తేలిపోకుండా నిలవగలిగిన ప్రతి క్షణం వెనకా అటువంటి గుర్తింపు లేని శ్రమ ఉంది. ఆ శ్రమను విద్యగా గౌరవించినప్పుడే అది నిలకడగా జరుగుతుంది.

అందుకోసం చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. డైవింగ్ శిక్షణలో పరికరాల సంరక్షణకు చివరి పది నిమిషాలు విదిల్చే పద్ధతి మారి, దానికి సొంత పాఠం, సొంత పరీక్ష ఉండాలి. అభ్యర్థి నీటిలో నిలవడమే కాక జాకెట్టును లోపలా బయటా కడిగి, కారడం లేదని చూపించాకే ఉత్తీర్ణత ఇవ్వాలి. ప్రతి అద్దె జాకెట్టుకూ ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఒక పుస్తకం, ఆ పుస్తకంలో లోపలి భాగం కడిగిన తేదీ, రాత్రంతా గాలి నిలిచిందో లేదో, మెకానిక్కు చూసిన తేదీ ఉండాలి. అద్దెకు తీసుకునేవారు ఆ పుస్తకాన్ని అడిగి చూడటం మర్యాదకు భంగమని ఎవరూ భావించకూడదు. తయారీదారుల సూచన పుస్తకాలు సాధారణంగా ఇంగ్లీషులోనూ ఇతర ఐరోపా భాషల్లోనూ వస్తాయి కనుక, విశాఖ తీరంలో పనిచేసేవారి కోసం వాటి సారాన్ని తేలిక తెలుగులో రాసి, నీటి తొట్టి పక్కన గోడ మీద అందరికీ కనిపించేలా అతికించాలి. ఎందుకు కడగాలో తెలిసిన చేతికి ఎలా కడగాలో వేరుగా గుర్తుచేయనక్కరలేదు. ఈ మూడూ అమలైతే, జాకెట్టు లోపల ఏముందన్న సంగతి ఒక్కరి మనస్సాక్షికే పరిమితం కాకుండా అందరూ అడగగలిగే, అందరికీ జవాబు దొరికే విషయమవుతుంది. అడుగున ఉన్నవారి ప్రాణం ఒడ్డున ఉన్నవారి చేతుల్లో ఉండే ఈ విద్యలో అంతకన్నా తక్కువను ఎవరూ అంగీకరించకూడదు.